పరికరం వెంట నడిచిన చెరువు

జీడిపాలెం పక్కనున్న పెద్దతామర చెరువును ప్రభుత్వం సరస్సుగా మార్చిన రోజున బెవర త్రినాథరావు సెలవులో ఉన్నాడు. మార్చడమంటే తవ్వడమో నీళ్ళు నింపడమో కాదు, కాగితాల్లో 'చెరువు' అన్నచోటల్లా 'సరస్సు' అని దిద్దారు. చెరువుగా ఉన్నన్నాళ్ళూ అది నీటిపారుదల వాళ్ళది, మునిసిపాలిటీ వాళ్ళది, చేపల శాఖ వాళ్ళది, అంటే ఎవరిదీ కాదు. సరస్సు అన్నాక మాత్రం ఒక సంస్థ ఉండాలి. అలా సరస్సు సంరక్షణ సంస్థ పుట్టింది. దానికి నాలుగు గదులు, రెండు జీపులు, ఒక సభ్య కార్యదర్శి, ఒక సహాయ శాస్త్రవేత్త సమకూరారు. ఆ సహాయ శాస్త్రవేత్తే త్రినాథరావు.

ఆఫీసు మొత్తానికి చెరువుల గురించి చదువుకున్నవాడు అతనొక్కడే. చెరువు అడుగు బురదలో బతికే ఎర్రపురుగుల మీద ఆరేళ్ళు పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. ఆ సంగతి పెళ్ళిచూపుల్లో గర్వంగా చెబితే లోపల్నించి రావలసిన కాఫీ రాలేదని అతనే నవ్వుతూ చెప్పుకునేవాడు. నలభయ్యారేళ్ళు వచ్చేసరికి తన గురించి అతనికి పెద్ద భ్రమలేమీ మిగల్లేదు. తప్పు ఎక్కడుందో అందరికంటే ముందు తనకే కనిపిస్తుంది. అది చెప్పవలసిన చోట గొంతు సన్నబడిపోతుంది. సంతకం పెట్టవలసిన చోట చెయ్యి మాత్రం చక్కగా ఆడుతుంది.

చెరువు ఆరోగ్యం తెలుసుకోవడానికి నీళ్ళలో తేలే పరికరాలు పన్నెండు కావాలని మొదట నోట్ రాసింది అతనే. ఆ నోట్ ఒక బల్ల మీద ఆరై, ఇంకో బల్ల మీద మూడై, చివరికి 'ప్రయోగాత్మకంగా ఒకటి' అయి తిరిగొచ్చింది. అది నీళ్ళలో ఎక్కడుందో చెప్పే ఏర్పాటు కూడా దండగని కొట్టేశారు. చెరువులో పెట్టింది చెరువులో కాక ఇంకెక్కడుంటుందని ఎవరో పక్కన రాశారు. 'ఒకటి సరిపోవును' అన్న వాక్యం కింద సంతకం త్రినాథరావుదే.

ఆ పరికరాన్ని తెచ్చి చెరువు నడిమధ్య రాయికి తాడుతో కట్టి వదిలారు. నెత్తిన సోలార్ పలక, రీడింగుని బట్టి రంగు మారే చిన్న దీపంతో పెద్ద కుండంత ఉండేది, పసుపుపచ్చ రంగు. దాని అసలు పేరు తేలియాడు నిరంతర జల నాణ్యతా పరిశీలన కేంద్రం. చేపలు పట్టేవాళ్ళు పసుపుబుడ్డి అన్నారు. నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు ఎంతుందో చూసి గంట గంటకీ రాజధానికి చెప్పడం దాని పని. అక్కడ గోడంత తెర మీద రాష్ట్రంలోని సరస్సులన్నీ చుక్కలుగా కనిపిస్తాయి. ప్రాణవాయువు అయిదు దాటితే చుక్క ఆకుపచ్చగా ఉంటుంది, నాలుగుకి పడితే ఎర్రగా వెలుగుతుంది. వరసగా మూడు రోజులు ఎర్రగా ఉంటే సభ్య కార్యదర్శి సంజాయిషీ రాసుకోవాలి.

పెద్దతామర మొదటి రోజే ఎర్రగా వెలిగింది. రీడింగ్ ఒకటి పాయింట్ ఎనిమిది.

సభ్య కార్యదర్శి పరాంకుశం గారు పిల్లలతో మాట్లాడినా ఫైలు చదివినట్టే ఉంటుందని ఆఫీసులో అనుకునేవారు. ఆయన వెంటనే అత్యవసర సమావేశం పెట్టి పరికరం ఎందుకు బాగా పనిచేయడం లేదని అడిగారు. పరికరం బాగానే ఉంది, చెరువే బాగాలేదని త్రినాథరావు చెప్పాడు. ఊరి మురుగంతా ఉత్తరపు కొసన కాలువలోంచి నేరుగా చెరువులో పడుతోందనీ, దాన్ని శుద్ధి చేసే ప్లాంటు నాలుగేళ్ళ కిందటే కట్టి తాళం వేసి ఉంచారనీ వివరించాడు. కట్టిన శాఖ వాళ్ళు మునిసిపాలిటీ వచ్చి తీసుకోలేదంటారు. మునిసిపాలిటీ వాళ్ళు ఆ శాఖ వచ్చి ఇవ్వలేదంటారు. ప్లాంటులో పిచ్చుకలు గూళ్ళు పెట్టాయి.

"అది దీర్ఘకాలిక అంశం," అన్నారు పరాంకుశం గారు. "ప్రస్తుతం మన పరిధిలో ఉన్నది తక్షణ పచ్చదనం. దానికి మీ సాంకేతిక సలహా ఏమిటి?"

త్రినాథరావుకి ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినప్పుడు అరవడం అతనికి చేతకాదు, వెటకారంగా మాట్లాడతాడు.

"రొయ్యల చెరువుల్లో తిప్పే ఏరేటర్లు నాలుగు తెచ్చి ఆ బుడ్డి చుట్టూ తిప్పితే సరి సార్. చెరువు చచ్చినా రీడింగ్ బతుకుతుంది."

ఎవరూ నవ్వలేదు. పరాంకుశం గారు తల పంకించి, రాసుకోమన్నారు. సాయంత్రం వచ్చిన సమావేశ వివరాల్లో త్రినాథరావు అన్న మొదటి వాక్యం పేరుతో సహా ఉంది. రెండో వాక్యం లేదు. త్రినాథరావు దాన్ని రెండుసార్లు చదివి, చదివినట్టు సంతకం పెట్టాడు.

వారం తిరిగేసరికి నాలుగు ఏరేటర్లు పసుపుబుడ్డి చుట్టూ నీళ్ళను చిలకడం మొదలుపెట్టాయి. రీడింగ్ ఆరుకి చేరింది. రాజధానిలో పెద్దతామర చుక్క పచ్చబడింది. ఆ ఉత్సాహంలో ఇంకో నాలుగు వచ్చాయి. బుడ్డి చుట్టూ గుర్రపుడెక్క రాకుండా వల కట్టారు. ఆ గుండ్రటి జాగాకి 'ప్రాధాన్య జల మండలం' అని పేరు పెట్టి, దానికి వంద మీటర్ల లోపు పడవలు, వలలు నిషేధిస్తూ గట్టు మీద బోర్డు పాతారు.

ఈలోగా చెరువులో ఊపిరాడని చేపలన్నీ ఆ ఒక్క జాగాలోకి చేరాయి. నీళ్ళు మరుగుతున్నట్టు వీపులు పైకి కనిపించేవి. చూడవచ్చిన పెద్దలు సరస్సులో ఇంత మత్స్యసంపదా అని ఆశ్చర్యపోయి ఫోటోలు తీసుకున్నారు. ఆ నెలలోనే సంస్థకి ఉత్తమ సరస్సు అవార్డు, త్రినాథరావుకి 'జలమిత్ర' బిరుదు, ఒక శాలువా, గాజు జ్ఞాపిక వచ్చాయి. వేదిక దిగి గట్టు మీద నడుస్తుంటే తూర్పు ఒడ్డున చచ్చిన చేపలు తెల్లటి పొట్టలతో తేలుతూ కనిపించాయి. శాలువా తీసి చంకలో పెట్టుకున్నాడు. జ్ఞాపిక ఎక్కడ పెట్టమంటారని ఇంట్లో భార్య వసంత అడిగితే, నాకు కనిపించని చోట పెట్టు అన్నాడు.

చెరువు మీద నూటనలభై కుటుంబాలు బతుకుతున్నాయి. వాళ్ళ సంఘానికి అధ్యక్షురాలు సూరాడ పోలమ్మ. ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. ఎండకి నల్లబడిన మనిషి, మాట మాత్రం నెమ్మది. చేప ఉన్నచోట వల వేయకూడదు, వల వేయదగ్గ చోట చేప లేదు. రెండు నెలలు చూసి, పదిమందిని వెంటబెట్టుకుని అర్జీతో ఆఫీసుకి వచ్చింది. అందరూ తిట్టడానికే వచ్చారనుకున్నారు. ఆవిడ తిట్టలేదు.

"ఆ బుడ్డి ఏటి సేత్తాదో మాకు తెల్దు బాబూ," అంది పరాంకుశం గారితో. "అదున్న కాడ మాత్రం నీరు బాగుంటంది, సేప బతుకుతంది. మా రేవు కాడ కూడా ఓటి ఏయించండి."

ఒక సరస్సుకి ఒక పరికరమే మంజూరని పరాంకుశం గారు వివరించారు. సరస్సు మొత్తంగా ఆరోగ్యంగా ఉందని తెర మీద చుక్క కూడా చూపించారు. 'సరస్సు పచ్చగా ఉన్నందున అర్జీదారు సమస్య పరిష్కరించబడినది' అని అర్జీ మీద రాసి ముద్ర వేయించారు. అది పోలమ్మకి చదివి వినిపించే బాధ్యత త్రినాథరావు మీద పడింది. మెట్ల మీద నిలబడి చదివాడు. తన గొంతు తనకే వినబడనంత సన్నగా వచ్చింది.

పోలమ్మ ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

"ఓటే ఉందంటన్నారు, సరే. అది రాయికి కట్టుంది గాని బూమికి కుట్టీలేదు గదా బాబూ?"

అది తప్పవుతుందని త్రినాథరావు అన్నాడు. ప్రభుత్వ పరికరాన్ని కదిపితే కేసు పెడతారన్నాడు.

"ఇన్ని సేపలు సచ్చిపోనాయి. ఎవులి మీద కేసెట్టినారు?"

త్రినాథరావు మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. అంతకంటే పెద్ద భయం, ఇలాంటి పని చేసే ధైర్యం తనలో లేదని తేలిపోతుందేమోనని. బుడ్డికి పట్టిన నాచు తుడవడానికి బుధవారం బుధవారం దాన్ని ముట్టుకునే అధికారం ఆఫీసులో అతనికొక్కడికే ఉంది. ఆ బుధవారం మధ్యాహ్నం ఆఫీసు పడవ చెడిపోయిందని రాసి, పోలమ్మ పడవ ఎక్కాడు. చెరువుల మీద డాక్టరేటు ఉంది గాని అతనికి ఈత రాదు. పడవ కాస్త ఊగింది. రెండు చేతులతో అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రాయి పైకి లాగింది, బుడ్డిని రేవు వైపు యాభై మీటర్లు జరిపింది పోలమ్మే. అతను కళ్ళు తెరిచేసరికి పని అయిపోయింది. నేరం చేస్తున్నప్పుడు కూడా తాను ప్రయాణికుడిగానే ఉన్నానని అతనికి నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున చుక్క ఎర్రబడింది. పరాంకుశం గారు పిలిపించారు. గాలికి పరికరం కాస్త జరిగినట్టుందని త్రినాథరావు చెప్పాడు. వెంటనే వెనక్కి లాగించమన్నారు ఆయన. అప్పుడు త్రినాథరావు పరికరంతో వచ్చిన పుస్తకం తెరిచి, పద్నాలుగో పేజీ ముందు పెట్టాడు. మనుషులు చేత్తో చోటు మారిస్తే అంతకుముందు మూడు నెలల రీడింగులు చెల్లవని అందులో ఉంది. అది నిజంగానే ఉంది. బుధవారం పని చేసి వచ్చాక చదివాడు. చదివాక ఒళ్ళు చల్లబడింది, కాసేపటికి అదే ధైర్యమిచ్చింది.

"ఆ మూడు నెలల్లో అవార్డు నెల కూడా ఉంది సార్," అన్నాడు.

పరాంకుశం గారు పుస్తకం మూసేశారు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. పరికరాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కదపరాదు. పరికరం ఎటు జరిగినను, సరస్సును తదనుగుణంగా సర్దుబాటు చేయవలెను.

ఏరేటర్లు కూడా బుడ్డి వెనకే వెళ్ళాలన్నారు. పాతచోటివి తీసేయబోతే, గాలి తిరిగితే బుడ్డి మళ్ళీ అక్కడికే రావచ్చని త్రినాథరావు హెచ్చరించాడు. అవి అక్కడే ఉండిపోయాయి, కొత్తవి కొన్నారు. దారిలో గుర్రపుడెక్క అడ్డుతగిలి పరికరం దెబ్బతింటుందని అతను నోట్ పెడితే, కూలీలను పెట్టి దారి పొడవునా ఏరించేశారు. తర్వాతి బుధవారం బుడ్డి ఇంకో యాభై మీటర్లు నడిచింది. ఆ పై బుధవారం ఇంకో యాభై. నెలన్నరలో పోలమ్మ వాళ్ళ రేవు చేరింది. ప్రాధాన్య జల మండలం ఇప్పుడు గుండ్రంగా లేదు, పాములా సాగింది. దాని చుట్టూ వంద మీటర్ల నిషేధం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చలేక బోర్డులు పీకేశారు. వలలు మళ్ళీ నీళ్ళలో పడ్డాయి.

త్రినాథరావు అక్కడితో ఆపేద్దామనుకున్నాడు. తన జీవితకాలానికి సరిపడా సాహసం అయిపోయిందనిపించింది. రేవు బాగుపడ్డాక పోలమ్మ కూడా ఆగుతుందనే అనుకున్నాడు. ఆ బుధవారం పడవలో ఆవిడ ఉత్తరం వైపు, మురుగుకాలువ వైపు చెయ్యి చూపింది. విషం వస్తున్నది అక్కణ్ణించని మొదటి సమావేశం నుంచీ త్రినాథరావు చెబుతున్నదే. ఒక మనిషి తన మాట నమ్మి తెడ్డు వేస్తుంటే వద్దనడం ఎలాగో అతనికి తోచలేదు.

బుడ్డి ఉత్తరానికి తిరిగింది. కాలువ దగ్గరయ్యే కొద్దీ రీడింగ్ మొండికేసింది. ఒక్కో యాభై మీటర్లకి రెండింతల ఏరేటర్లు కావలసి వచ్చాయి. పరాంకుశం గారికి అనుమానం కూడా మొదలైంది. అది త్రినాథరావు మీద కాదు, గాలి మీద. ఈ గాలి ఎప్పుడూ మురుగుకాలువ వైపే ఎందుకు వీస్తోందో తెలపవలసిందిగా వాతావరణ కార్యాలయానికి లేఖ రాశారు. ఆ నెలల్లో అక్కడ గాలి దక్షిణం వైపు వీస్తుందని జవాబు వచ్చింది. దాన్ని ఆయన సమావేశంలో చదివించి, వాతావరణ కార్యాలయం క్షేత్రస్థాయి వాస్తవాలకు దూరంగా ఉన్నదని తీర్మానం చేశారు. తర్వాత సరస్సు దక్షిణపు గట్టు పొడవునా ముప్ఫై అడుగుల గాలి నిరోధక గోడ కట్టాలని ప్రతిపాదన తయారైంది. దాని మీద సాంకేతిక అభిప్రాయం త్రినాథరావునే అడిగారు. గాలి లేదని రాస్తే దొరికిపోతాడు. ఉందని రాస్తే గోడ లేస్తుంది. గోడ పునాదికి మట్టి పరీక్షలు అవసరమనీ, వాటికి రెండేళ్ళు పడుతుందనీ రాశాడు. ఫైళ్ళను నడిపించడం చేతకాకపోయినా పడుకోబెట్టడం తనకి బాగానే వచ్చని అప్పుడే తెలిసింది.

మే నెలలో బుడ్డి కాలువ మూతి దగ్గరికి చేరింది. రీడింగ్ సున్నా పాయింట్ మూడు. ఏరేటర్లన్నీ తెచ్చి అక్కడ తిప్పితే మురుగు నురగై లేచింది. ఆ నురగ గాలికెగిరి రోడ్డు మీద, దుకాణాల మీద, బస్సుల కోసం నిలబడ్డ జనం మీద పడింది. ఊరు నాలుగు రోజులు గోల పెట్టింది. వచ్చే సోమవారం రాష్ట్రస్థాయి బృందం వస్తోందని కబురు వచ్చింది. పరాంకుశం గారి మొహంలో మొదటిసారి ఫైలు భాష పోయి మామూలు మనిషి కనిపించాడు. కుర్చీ లాగి త్రినాథరావుని కూర్చోమన్నారు.

"ఏం చేద్దామయ్యా?" అన్నారు.

ఆ క్షణంలో మొత్తం చెప్పేద్దామనిపించింది త్రినాథరావుకి. చెప్పలేదు. శుద్ధి ప్లాంటు తాళం తీయడం తప్ప దారి లేదన్నాడు. ప్లాంటు మన పరిధి కాదని ఆయన గొణిగారు. నాలుగేళ్ళుగా రెండు శాఖలూ కదపని వ్యవహారమని గుర్తుచేశారు. ప్లాంటుగా అయితే మన పరిధి కాదు, పరికరానికి అనుబంధంగా అయితే మనదేనని త్రినాథరావు అన్నాడు. పరాంకుశం గారి కళ్ళు మెరిశాయి. ఒక్క మధ్యాహ్నంలో మూడు సంతకాలు పడ్డాయి. ఊరి మురుగు మొత్తం శుద్ధిచేసే ప్లాంటు 'పరికర రక్షణ ఉపకేంద్రం' అయి, పసుపుబుడ్డి నిర్వహణ కింద కరెంటు తెచ్చుకుని నడవడం మొదలుపెట్టింది. పిచ్చుకల్ని బెదరగొట్టకుండా గూళ్ళు మెల్లగా పక్కకి తీయించాడు త్రినాథరావు. కాలువలోంచి మొదటిసారి అడుగు కనబడే నీళ్ళు వచ్చినప్పుడు ఒడ్డున నిలబడి చాలాసేపు చూశాడు. పక్కన పోలమ్మ కూడా ఉంది.

రెండు వర్షాకాలాలు గడిచాయి. చెరువు నిజంగానే కోలుకుంది. ఎప్పుడో మాయమైన వాలుగలు, మట్టగిడసలు మళ్ళీ వలల్లో పడ్డాయి. పరాంకుశం గారు ఇంకా పెద్ద సంస్థకి పదోన్నతి మీద వెళ్ళి, అక్కడ 'సంచార పరికర విధానం' అనే అంశం మీద ఉపన్యాసాలిస్తున్నారని తెలిసింది. త్రినాథరావు నవ్వుకున్నాడు. ఆ విధానాన్ని ఎవరైనా నిజంగా అమలు చేస్తే మంచిదే కదా అనుకున్నాడు.

అప్పుడు రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. రెండు వందల రోజులు వరసగా పచ్చగా ఉన్నందున పెద్దతామర బాగుపడిన సరస్సుల జాబితాలో చేరింది, అభినందనలు. కాబట్టి ఇక్కడి పరికరం వచ్చే నెలాఖరున మరో సరస్సుకి తరలిపోతుంది. పరికరం లేనిచోట పరికర రక్షణ ఉపకేంద్రం అనవసరం కనుక దాన్ని మూసివేయవలెను.

ఉపకేంద్రమంటే ఊరి మురుగు ప్లాంటు అని త్రినాథరావు నాలుగు ఉత్తరాలు రాశాడు. పరికరం లేని అనుబంధానికి కరెంటు ఇచ్చే నిబంధన లేదని నాలుగుసార్లూ జవాబు వచ్చింది. కొత్త సభ్య కార్యదర్శి సానుభూతిగా విన్నారు గాని, తన చేతిలో ఏమీ లేదన్నారు. ఒక్కటే మినహాయింపు ఉంది. చివరి నెలలో పదిహేను రోజులు చుక్క ఎర్రగా ఉంటే ఆ సరస్సు మళ్ళీ 'సమస్యాత్మకం' అవుతుంది, పరికరమూ అనుబంధాలూ మరో రెండేళ్ళు ఉంటాయి.

త్రినాథరావు పోలమ్మ పడవలో బయల్దేరాడు. ఆ రోజంతా ఇద్దరూ చేతి మీటరు ముంచి చూస్తూ చెరువులో మురికినీళ్ళు వెతికారు. తూర్పు ఒడ్డున అయిదున్నర. తుంగ మొలిచిన మూల అయిదు. బట్టలుతికే చోట ఆశగా చూస్తే అక్కడా నాలుగున్నర. కాలువ మూతి దగ్గర ఆరు. ఒకప్పుడు ఈ చెరువులో ఒక్క గిన్నెడు మంచినీళ్ళు చూపించలేక సిగ్గుపడ్డ శాస్త్రవేత్తని, ఇప్పుడు ఒక్క గిన్నెడు చెడ్డనీళ్ళు దొరక్క ఏడుస్తున్నానని త్రినాథరావు అంటే, పోలమ్మ తెడ్డు వదిలేసి నవ్వింది.

చివరికి ఉపాయం అతనికే తట్టింది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ము తెప్పించాడు. పోలమ్మ ఇంటి గేదెల పేడ నీళ్ళలో కలిపి డ్రమ్ము నింపారు. చుక్క కూడా చెరువులో పడకూడదని మూతకి చుట్టూ మైనం పూయించాడు. బుడ్డి కింద ప్రాణవాయువు కొలిచే కడ్డీని డ్రమ్ములోకి దింపి, రెండిటినీ కలిపి రేవు దగ్గర తేలగట్టారు. గంటలో రీడింగ్ ఒకటి పాయింట్ రెండుకి పడింది. రాజధానిలో పెద్దతామర చుక్క ఎర్రగా వెలిగింది. ఈసారి పడవలో అతను కళ్ళు తెరిచే ఉన్నాడు. ఒక చెయ్యి మాత్రం అంచు వదల్లేదు.

పదహారో రోజున పరికరం, ఉపకేంద్రం కొనసాగించాలని ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటు త్రినాథరావు పేరుకి ఒక మెమో కూడా వచ్చింది. ఆదర్శ సరస్సు ఇంత వేగంగా దిగజారడానికి బాధ్యులెవరో తెలపాలి. మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో చెప్పాలి. నెలాఖరు దాకా రీడింగులు గమనిస్తూ ఉంటామని కింద ఇంకో వాక్యం.

అతను జవాబు రాసి, పంపేసి, సాయంత్రం రేవుకి వెళ్ళాడు. బుడ్డి నెత్తిన ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. దానికి పది గజాల దూరంలో ఆడవాళ్ళు నడుము లోతు నీళ్ళలో నిలబడి బిందెలు ముంచుకుంటున్నారు. ఒడ్డున పోలమ్మ వల సర్దుతోంది. మెమో సంగతి చెప్పాడు.

"ఏటి రాసినావు బాబూ?"

"చెరువు పాడవడానికి నా పర్యవేక్షణ లోపమే కారణమని రాశాను."

"సంతకం ఎట్టీసినావా?"

"పెట్టేశాను."

పోలమ్మ అతని మొహంలోకి ఒకసారి చూసి, వల పక్కన పెట్టి లేచింది.

"అయితే ఎక్కు. డ్రమ్ములో పేడ పల్సబడిపోనాది, మార్సాల."

త్రినాథరావు చెప్పులు ఒడ్డున వదిలి, పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, పేడబుట్ట అందుకుని పడవెక్కాడు.